అమ్మీ అబ్బాను బిజినెస్ క్లాస్‌లో పంపిస్తున్నారా? మైళ్లు ఏ ఖాతాలో వేయాలో ముందే తేల్చుకోండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడు అమెరికాలోనో కెనడాలోనో ఒక కొడుకు, గల్ఫ్‌లో ఒక కొడుకు ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. పిల్లల దగ్గరికి పెద్దవాళ్లు పోవాలంటే ఇంటి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి ఇరవై గంటలకు పైగా ప్రయాణం. మోకాళ్ల నొప్పులు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఎకానమీ సీట్లో అంతసేపు కూర్చోలేరు. అందుకే కొందరు పిల్లలు ఏడాది పాటు పైసా పైసా జమ చేసి, ఒక్కసారికైనా అమ్మీ అబ్బాకు బిజినెస్ క్లాస్ టికెట్ తీస్తున్నారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అయితే ఆ టికెట్‌తో పాటు రావాల్సిన మైళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఎవరి ఖాతాలోకీ చేరకుండానే పోతున్నాయి.

మా ఇంట్లోనే జరిగిన సంగతి చెప్తాను. మా ఖాలా, ఖాలూ ఇద్దరూ బిజినెస్ క్లాస్‌లో పోయి వచ్చారు. కొడుకు సభ్యత్వం చేయించాడు గానీ, ఖాలూ పేరు పాస్‌పోర్టులో ఒక రకంగా, సభ్యత్వంలో ఇంకో రకంగా ఉంది. ఒకచోట ‘మహమ్మద్’ పూర్తిగా ఉంటే, ఇంకోచోట ‘ఎండీ’ అని పొట్టిగా రాశారు. మైళ్లు పడలేదు. ఖాలాకైతే అసలు ఖాతానే తెరవలేదు. తిరిగొచ్చాక అడిగితే గడువు దాటిందన్నారు. ఎకానమీలో ఎన్నో ట్రిప్పులు తిరిగితే గానీ రానన్ని మైళ్లు రెండు నిమిషాల అజాగ్రత్తతో పోయాయి.

అందుకే ఈ కథనం. శంషాబాద్ నుంచి పోయేవాళ్లకు ఏయే ప్రోగ్రాములు ఉన్నాయి, ఎట్లా ఎంచుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇది అసలు ఏమిటి?

విమాన సంస్థ తన దగ్గర మళ్లీ మళ్లీ టికెట్ కొనేవాళ్లకు ఇచ్చే పాయింట్ల ఖాతానే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ప్రోగ్రాం. కిరాణా కొట్టులో పాత గిరాకీకి కొసరు వేసినట్టే. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ పేరుతో మొదలుపెట్టాక మిగతా సంస్థలు కూడా అదే దారి పట్టాయి. సభ్యత్వం ఉచితం. ఆన్‌లైన్‌లో పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇస్తే సభ్యత్వ నంబరు వస్తుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ నంబరు వేస్తే, ప్రయాణం అయ్యాక మైళ్లు ఖాతాలో పడతాయి.

ఇందులో రెండు రకాల లెక్కలు ఉంటాయి. ఒకటి ఖర్చు పెట్టుకునే మైళ్లు. వీటితో టికెట్ తీసుకోవచ్చు, సీటు క్లాస్ పెంచుకోవచ్చు. రెండోది హోదా లెక్క. ఎంత తిరిగితే సిల్వర్, ఎంత తిరిగితే గోల్డ్ అన్నది దాంతో తేలుతుంది. హోదా వస్తే లాంజ్, అదనపు లగేజీ, ముందుగా చెక్ ఇన్ లాంటి సౌకర్యాలు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేసి చూస్తే లెక్క తప్పుతుంది.

శంషాబాద్ నుంచి ఉన్న దారులు

2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు విమానాశ్రయం మారాక మన జిల్లాల వాళ్లకు ప్రయాణం సులువైంది. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ సిటీలోకి పోకుండానే చేరుకుంటారు. నల్లగొండ వాళ్లకు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు.

2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. తర్వాత అది ఆగిపోయింది. కాబట్టి అమెరికా పోవాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. ఎక్కడ మారతారన్నదాన్ని బట్టే ప్రోగ్రాం కూడా మారుతుంది.

దుబాయ్ మీదుగా పోతే ఎమిరేట్స్. దాని ప్రోగ్రాం పేరు స్కైవార్డ్స్. ఫ్లైదుబాయ్ ప్రయాణాలకు కూడా ఇదే ఖాతా పనిచేస్తుంది.

దోహా మీదుగా పోతే ఖతార్ ఎయిర్‌వేస్. ప్రోగ్రాం పేరు ప్రివిలేజ్ క్లబ్. 2022 నుంచి ఇందులో పాయింట్లను ‘ఏవియోస్’ అంటున్నారు.

అబుదాబి మీదుగా పోతే ఎతిహాద్. ప్రోగ్రాం పేరు ఎతిహాద్ గెస్ట్.

జెద్దాకు నేరుగా పోతే సౌదియా. ప్రోగ్రాం పేరు అల్‌ఫుర్సాన్, అంటే గుర్రపు రౌతులు.

లండన్ మీదుగా పోతే బ్రిటిష్ ఎయిర్‌వేస్. దీనిలో కూడా పాయింట్లు ఏవియోసే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే లుఫ్తాన్సా. ఇది 2024 జనవరిలో హైదరాబాద్ నుంచి మొదలైంది. ప్రోగ్రాం పేరు మైల్స్ అండ్ మోర్.

ఢిల్లీ మీదుగా పోతే ఎయిరిండియా. పాత ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ పేరు 2025లో ‘మహారాజా క్లబ్’ అయింది. ఇండిగోకు ‘బ్లూచిప్’ అనే ప్రోగ్రాం ఉంది.

కూటములు తెలిస్తే సగం పని అయినట్టే

ఒక సంస్థ విమానం ఎక్కి, మైళ్లు ఇంకో సంస్థ ఖాతాలో వేసుకోవచ్చు. దీనికి కారణం కూటములు. పెద్ద కూటములు మూడు.

మొదటిది స్టార్ అలయన్స్, 1997లో పుట్టింది. ఎయిరిండియా 2014 జూలైలో ఇందులో చేరింది. లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, టర్కిష్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా ఇందులోనివే.

రెండోది వన్‌వరల్డ్. ఖతార్ ఎయిర్‌వేస్ 2013లో చేరింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్, కేథే పసిఫిక్, మలేసియా ఎయిర్‌లైన్స్ ఇందులో ఉన్నాయి.

మూడోది స్కైటీమ్. సౌదియా 2012లో చేరింది. డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఇందులో ఉన్నాయి.

ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. వాటికి విడివిడిగా భాగస్వాములు ఉన్నారు. ఉదాహరణకు ఎమిరేట్స్‌కు అమెరికాలో యునైటెడ్‌తో ఒప్పందం ఉంది.

దీంతో మనకేం లాభం? కొడుకు చికాగోలో కాకుండా అమెరికాలో ఏ చిన్న ఊళ్లోనో ఉన్నాడనుకోండి. ఖతార్‌లో దోహా మీదుగా చికాగో పోయి, అక్కడి నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ చిన్న విమానం ఎక్కితే, ఆ మైళ్లు కూడా అదే ప్రివిలేజ్ క్లబ్ ఖాతాలో వేసుకోవచ్చు. రెండు ఖాతాలు అక్కర్లేదు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఒక ప్రయాణానికి ఒకే ఖాతాలో మైళ్లు పడతాయి. ఒకసారి పడ్డాక దాన్ని ఇంకో సంస్థ ఖాతాలోకి మార్చడం మామూలుగా కుదరదు. ఏవియోస్ మాత్రం మినహాయింపు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాలను కలుపుకుంటే అటూ ఇటూ మార్చుకోవచ్చు.

మొదటి ప్రశ్న: దీని తర్వాత ఎవరు, ఎక్కడికి పోతారు?

చాలామంది అడిగే ప్రశ్న ‘దేంట్లో ఎక్కువ మైళ్లు వస్తాయి’ అని. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ‘ఆ మైళ్లు మనం ఎక్కడ ఖర్చు పెడతాం’ అన్నది. వాడుకోలేని ఖాతాలో లక్ష మైళ్లు ఉన్నా ఒక్కటే, సున్నా ఉన్నా ఒక్కటే.

నెలనెలా తిరిగే వ్యాపారుల లెక్క వేరు, మన ఇళ్ల లెక్క వేరు. మన పెద్దవాళ్లు బిజినెస్ క్లాస్‌లో పోవడం బహుశా జీవితంలో ఒకటి రెండుసార్లే. కాబట్టి వాళ్లకు హోదా ఆశ పెట్టుకోవాల్సిన పని లేదు. గోల్డ్ కార్డు వచ్చినా, అది ఏడాదో ఏడాదిన్నరో ఉండి, ఇంట్లో కూర్చున్నంతలోనే పోతుంది. వాళ్ల మైళ్లు పనికొచ్చేది ఇంట్లో తర్వాతి ప్రయాణానికి. ఉమ్రాకు పోవాల్సిన నానీ ఉండొచ్చు, రియాద్ నుంచి సెలవుకు వచ్చే తమ్ముడు ఉండొచ్చు, చదువుకు పోయే బిడ్డ ఉండొచ్చు.

కాబట్టి కాగితం మీద రాసుకోండి. రాబోయే రెండు మూడేళ్లలో మన ఇంట్లో ఎవరు విమానం ఎక్కుతారు? ఏ ఊరికి? ఆ ఊరికి శంషాబాద్ నుంచి ఏ సంస్థ పోతుంది? ఎక్కువసార్లు ఏ పేరు వస్తే, దాని ప్రోగ్రామో, దాని కూటమిలోని ప్రోగ్రామో ఎంచుకోండి.

లెక్క ఎట్లా వేస్తారు?

మైళ్లు ఇచ్చే పద్ధతులు రెండు. కొన్ని ప్రోగ్రాములు దూరాన్ని చూస్తాయి, కొన్ని మీరు కట్టిన డబ్బును చూస్తాయి. భాగస్వామి సంస్థలో తిరిగితే చాలావరకు దూరం లెక్కే.

దూరం లెక్క ఒకసారి చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 1,585 మైళ్లు. దుబాయ్ నుంచి చికాగో దాదాపు 7,230 మైళ్లు. పోయి వస్తే మొత్తం 17,600 మైళ్లకు పైనే. బిజినెస్ క్లాస్‌కు ఒక ప్రోగ్రాం ఒకటిన్నర రెట్లు ఇస్తుందనుకుంటే 26,000 దాటుతాయి. అమ్మీ, అబ్బా ఇద్దరికీ కలిపి 52,000 పైన. అదే ప్రయాణం చవక ఎకానమీ టికెట్ మీద చేస్తే కొన్ని ప్రోగ్రాముల్లో దూరంలో నాలుగో వంతు మాత్రమే ఇస్తారు. ఒక్క బిజినెస్ ట్రిప్పును జారవిడుచుకోవద్దు అనేది ఇందుకే.

అయితే బిజినెస్ టికెట్లన్నీ ఒకటి కావు. టికెట్ మీద ఒక అక్షరం ఉంటుంది. జె, సి, డి లాంటివి మామూలుగా బిజినెస్ అక్షరాలు. అదే క్లాస్‌లో చవక టికెట్‌కు ఒక అక్షరం, ఖరీదైన టికెట్‌కు ఇంకో అక్షరం ఉంటాయి. అక్షరం మారితే మైళ్లు మారతాయి. ఏజెంటును ‘బిజినెస్సేనా’ అని అడిగి ఊరుకోవద్దు, ‘ఏ అక్షరం’ అని కూడా అడగండి.

ఇంకో సంగతి కూడా పెద్దవాళ్ల కోసం తెలుసుకోవాలి. బిజినెస్ అనగానే లాంజ్ వస్తుందని అనుకుంటాం. ఎమిరేట్స్‌లో ‘స్పెషల్’ పేరుతో, ఖతార్‌లో ‘లైట్’ పేరుతో తెచ్చిన చవక బిజినెస్ టికెట్లలో లాంజ్ ఉండదు. దోహాలోనో దుబాయ్‌లోనో నాలుగైదు గంటలు ఆగాల్సి వస్తే, షుగర్ ఉన్న మనిషికి లాంజ్‌లో కూర్చోవడం, వేళకు తినడం ముఖ్యం. కొనే ముందే ఈ షరతు చదవండి. వీల్‌చైర్ మాత్రం ఏ క్లాస్‌కైనా ఉచితమే, బుకింగ్‌లోనే అడిగి పెట్టుకోవాలి.

ఎకానమీ టికెట్ కొని, తర్వాత డబ్బు కట్టో మైళ్లు ఇచ్చో బిజినెస్‌కు మారితే? చాలా ప్రోగ్రాములు మొదట కొన్న ఎకానమీ టికెట్ లెక్కనే మైళ్లు ఇస్తాయి.

ఒక మైలు ఎన్ని పైసలు?

మైళ్ల కోసం ఎక్కువ ధర పెట్టడం తెలివైన పని కాదు. దాని విలువ ఎంతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మైళ్లతో టికెట్ తీసినా పన్నులు, కొన్ని ఛార్జీలు చేతి నుంచి కట్టాల్సిందే. కాబట్టి మామూలు టికెట్ ధరలోంచి ఆ పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించాలి.

లెక్క కోసం ఒక ఉదాహరణ. టికెట్ ధర 40,000 రూపాయలు. మైళ్లతో తీస్తే 40,000 మైళ్లు, పైన 12,000 రూపాయల పన్నులు. అంటే మీకు మిగిలింది 28,000 రూపాయలు. ఒక మైలు విలువ 70 పైసలు. ఇప్పుడు ఒక సంస్థ 10,000 మైళ్లు ఎక్కువ ఇస్తుందంటే, దాని విలువ 7,000 రూపాయలు. ఆ మైళ్ల కోసం టికెట్ మీద 20,000 ఎక్కువ పెడితే 13,000 నష్టం. కామర్స్ చదవాల్సిన పని లేదు, పలక మీద వేసే లెక్కే.

మైళ్లతో ఇచ్చే సీట్లు కూడా పరిమితం. రంజాన్, వేసవి సెలవులు, డిసెంబరులో దొరకడం కష్టం. తేదీలు అటూ ఇటూ మార్చుకోగలిగినవాళ్లకే ఎక్కువ లాభం.

గడువు: చాలా మైళ్లు చచ్చేది ఇక్కడే

గడువులో కూడా రెండు పద్ధతులు. మొదటిది, మైలు పుట్టిన రోజు నుంచి లెక్క. స్కైవార్డ్స్‌లో మైళ్లకు మూడేళ్ల ఆయుష్షు. మధ్యలో మీరు ఇంకో ప్రయాణం చేసినా పాత మైళ్ల గడువు పెరగదు.

రెండోది, ఖాతాలో కదలిక నుంచి లెక్క. ఏవియోస్‌లో 36 నెలల పాటు ఏ కదలికా లేకపోతేనే పోతాయి. మధ్యలో ఏ చిన్న సంపాదనో ఖర్చో ఉంటే లెక్క మళ్లీ మొదలవుతుంది.

నాలుగేళ్లకోసారి విమానం ఎక్కే ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. మూడేళ్ల లోపు ఉమ్రా నియ్యత్ ఉన్నవాళ్లకు మొదటి పద్ధతి సరిపోతుంది. ఎప్పుడు పోతామో తెలియనివాళ్లకు రెండోదే మేలు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, చేరే రోజున ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గడువు ఎంతుందో ఒకసారి చూసుకోండి.

ఎంతో కాలం దాచిపెట్టడం కూడా మంచిది కాదు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు కింగ్ క్లబ్ మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయి, దాని పాయింట్లు ఎయిరిండియా ప్రోగ్రాంలోకి వచ్చాయి. విమాన సంస్థ ఎప్పుడైనా ‘నిన్నటి 40,000 టికెట్‌కు ఇక నుంచి 50,000’ అని చెప్పొచ్చు. మైళ్లు బ్యాంకులో దాచుకునే సొమ్ము కాదు. వచ్చినవి వచ్చినట్టు వాడేయాలి.

ఇంటిల్లిపాదికీ ఒకే గల్లా

అమ్మీ ఖాతాలో 26,000, అబ్బా ఖాతాలో 26,000 ఉన్నాయి. టికెట్‌కు 40,000 కావాలి. విడివిడిగా చూస్తే ఇద్దరికీ చాలవు. కలిపితే ఒక టికెట్ వచ్చి ఇంకా మిగులుతాయి. దీనికోసమే కుటుంబ ఖాతాలు ఉన్నాయి. స్కైవార్డ్స్‌లో ‘మై ఫ్యామిలీ’ పేరుతో ఉంది. ఎవరి మైళ్లలో ఎంత శాతం గల్లాలో వేయాలో వాళ్లే నిర్ణయించుకోవచ్చు, మొత్తం వంద శాతం కూడా వేయొచ్చు. ప్రివిలేజ్ క్లబ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కూడా కుటుంబ ఖాతాలు ఉన్నాయి.

ఇందులో కిటుకు ఏమిటంటే, కుటుంబ ఖాతా ప్రయాణానికి ముందే తెరవాలి. ముందు సంపాదించిన మైళ్లను తర్వాత గల్లాలోకి తేవడం అన్నిచోట్లా కుదరదు, కుదిరినా రుసుము అడుగుతారు.

చాలా ప్రోగ్రాముల నిబంధనల్లో మైళ్లు సభ్యుడి ఆస్తి కాదని రాసి ఉంటుంది. మనిషి పోయాక ఇల్లు, పొలం లాగా వారసులకు వాటంతట అవే రావు. పెద్దవాళ్ల మైళ్లను గల్లాలో వేయించి, వాళ్లుండగానే వాళ్లకే వాడటం మంచిది.

పేరు దగ్గరే ఎక్కువ మంది పోగొట్టుకుంటున్నారు

మన పేర్లలో ఉన్నన్ని తేడాలు ఎక్కడా ఉండవు. మహమ్మద్ అనే పేరే ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. షేక్ ఒకచోట ఒక రకం, ఇంకోచోట ఇంకో రకం. ఆడవాళ్లకు ఆధార్‌లో బేగం ఉంటుంది, పాస్‌పోర్టులో ఉండదు. పాతకాలం పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది.

కంప్యూటర్ మాత్రం సభ్యత్వంలో ఉన్న పేరు, టికెట్ మీదున్న పేరు అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తేడా వస్తే మైళ్లు పడవు. కాబట్టి సభ్యత్వం తీసుకునేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకోండి. అందులో ఎట్లా ఉంటే అట్లాగే కొట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, టికెట్ మీద పేరు ఎట్లా వేస్తారో ఏజెంటును అడిగి, సభ్యత్వంలో కూడా అదే వేయండి.

ఇది మైళ్ల సంగతే కాదు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్న విజిట్ వీసా ప్రయాణికులపై ఆంక్షలు తెచ్చింది. దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఉండి పోవాలనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఫోన్ నంబరు, ఈమెయిల్

అమ్మీ ఖాతాకు ఎవరి నంబరు ఇచ్చారు? చాలా ఇళ్లలో గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తారు. అతను ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేస్తే ఆ సిమ్ పోతుంది. ఓటీపీ రాదు. ఖాతాలో మైళ్లు కనబడుతుంటాయి గానీ తీయలేరు. ఇండియాలో ఎప్పటికీ ఉండే నంబరే ఇవ్వండి. ఒక్కొక్కరికీ వేరే ఈమెయిల్ పెట్టండి, చాలా ప్రోగ్రాములు ఒకే ఈమెయిల్ మీద రెండు ఖాతాలు ఒప్పుకోవు. సభ్యత్వ నంబర్లు, ఈమెయిళ్లు ఇంట్లో ఒక డైరీలో రాసి పెట్టండి. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ ఏజెంటుకు ఇవ్వొద్దు.

గ్రూప్ టికెట్లు, హజ్ విమానాలు

ఉమ్రా గ్రూపుల్లో పోయేవాళ్లు ‘మాకు మైళ్లు పడలేదు’ అంటుంటారు. గ్రూప్ ధరకు కొన్న టికెట్లకు చాలావరకు మైళ్లు రావు, వచ్చినా తక్కువే. హజ్ కోసం ప్రత్యేకంగా నడిపే చార్టర్ విమానాలకు కూడా మామూలుగా రావు. ట్రావెల్స్ వాళ్లను ముందే అడగండి. రాకపోతే అది మోసం కాదు, ఆ టికెట్ షరతే అంత.

వడ్డీ, అమానత్

క్రెడిట్ కార్డు తీసుకుంటే వేల మైళ్లు ఉచితం అని ప్రకటనలు వస్తాయి. బిల్లు గడువులోపు పూర్తిగా కట్టకపోతే దాని మీద వడ్డీ పడుతుంది, అదీ చాలా ఎక్కువ శాతం. వార్షిక రుసుము వేరే. మైళ్ల కోసం వడ్డీలో చిక్కుకుంటే దీన్ పరంగానూ నష్టమే, దునియా పరంగానూ నష్టమే. కార్డు విషయంలో మస్లా ఏమిటన్నది మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఈ కథనంలో చెప్పిన లెక్కలన్నీ కార్డు లేకుండా, కేవలం ప్రయాణం మీద వచ్చే మైళ్లవే.

కంపెనీ డబ్బుతో ప్రయాణిస్తే మైళ్లు మామూలుగా ప్రయాణించిన మనిషి ఖాతాలోనే పడతాయి. అయితే కొన్ని కంపెనీలు వాటిని ఆఫీసు పనికే వాడాలంటాయి. అది అమానత్ సంగతి. ఒకసారి అడిగి తెలుసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

మూడు ఇళ్లు, మూడు దారులు

మొదటి ఇల్లు. ఒక కొడుకు చికాగోలో, ఇంకో కొడుకు దుబాయ్‌లో. దుబాయ్ కొడుకు ఏటా సెలవుకు వస్తాడు. ఈ ఇంటికి ఎమిరేట్స్, స్కైవార్డ్స్ సరిపోతాయి. అమ్మీ అబ్బా మైళ్లు, కొడుకు మైళ్లు ఒకే గల్లాలో పడతాయి, మూడేళ్లలోపు వాడుకోవడమూ తేలికే.

రెండో ఇల్లు. బిడ్డ లండన్‌లో, కొడుకు దోహాలో. ఖతార్ ఎక్కినా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎక్కినా వచ్చేవి ఏవియోసే. మళ్లీ ఎప్పుడు పోతారో తెలియకపోయినా కదలిక ఉంటే గడువు పెరుగుతుంది. దోహా మీదుగా జెద్దా పోయి ఉమ్రాకు కూడా వాడుకోవచ్చు.

మూడో ఇల్లు. కొడుకు టొరంటోలో, మిగతా ఇల్లంతా ఇక్కడే. బయటి దేశాలకు పోవడం తక్కువ, ఢిల్లీ, ముంబైలకు తిరగడం ఎక్కువ. ఈ ఇంటికి ఎయిరిండియా మహారాజా క్లబ్ చూడొచ్చు. స్టార్ అలయన్స్‌లో ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా కూడా ఉన్నాయి కాబట్టి టొరంటో దారి మైళ్లు అందులోనే వేసుకోవచ్చు, దేశంలో తిరిగేటప్పుడు ఖర్చు పెట్టుకోవచ్చు.

ఏటా జెద్దా, రియాద్‌కు పోయి వచ్చే ఇల్లయితే అల్‌ఫుర్సాన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నేరుగా పోయే విమానం పెద్దవాళ్లకు సుఖం, అది మైళ్ల కంటే ముఖ్యం.

టికెట్ డబ్బు కట్టే ముందు

ఒకటి. ఇంట్లో ప్రయాణించే ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్టు చూసి సభ్యత్వం తీయండి. పిల్లలకు కూడా.

రెండు. కుటుంబ ఖాతా తెరిచి అందరినీ చేర్చండి.

మూడు. టికెట్ అక్షరం ఏది, ఆ అక్షరానికి మీ ప్రోగ్రాంలో ఎన్ని మైళ్లు, లాంజ్ ఉందా లేదా అడగండి.

నాలుగు. బుకింగ్‌లో సభ్యత్వ నంబర్లు వేయించి, ఈ-టికెట్ మీద అవి కనబడుతున్నాయో లేదో చూడండి. చెక్ ఇన్ కౌంటర్‌లో ఇంకోసారి అడగండి.

ఐదు. ఈ-టికెట్ మీద 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు టికెట్ ఏ సంస్థదో చెప్తాయి. ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157, ఎతిహాద్‌కు 607, సౌదియాకు 065, ఎయిరిండియాకు 098, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 125, లుఫ్తాన్సాకు 220. మైళ్లు పడకపోతే ఈ నంబరే అడుగుతారు.

ఆరు. బోర్డింగ్ పాసులు పారేయొద్దు. పోయేటప్పటివీ వచ్చేటప్పటివీ ఫోటో తీసి పెట్టుకోండి. రెండు మూడు వారాల్లో మైళ్లు పడకపోతే వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టండి. దీనికి కొన్ని నెలల గడువే ఉంటుంది.

ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. కొడుకు చెమటోడ్చి కొన్న ఆ రెండు టికెట్లతో అమ్మీ అబ్బా హాయిగా పోయి వస్తారు. మైళ్లు కూడా జాగ్రత్తగా జమ చేస్తే, ఇన్షాఅల్లాహ్, వాటితోనే ఇంట్లో ఇంకొకరి ఉమ్రా టికెట్ ఖర్చు తగ్గుతుంది.